కెరటం దాటినాక

మా వైపు నీళ్ళలో మునగడానికి ఒకటే పద్ధతి. ముక్కు మూసుకోవాలి, కళ్ళు మూసుకోవాలి, ఊపిరి బిగబట్టి మునిగి లేవాలి. శ్రీకూర్మంలో శ్వేతపుష్కరిణి మెట్ల మీద మా నాయనమ్మ నా నెత్తి మీద చెయ్యేసి అలాగే మూడు మునకలు వేయించేది. మూడోది అయ్యేసరికి గుండె చెవుల్లో కొట్టుకునేది. పైకి లేచి గాలి పీల్చుకుంటే పోయిన ప్రాణం తిరిగొచ్చినట్టుండేది. ముప్పై రెండేళ్ళు వచ్చేదాకా నీళ్ళ గురించి నా ఒంటికి తెలిసిన విద్య అంతే.

2021 నవంబరులో స్కూబా డైవింగ్ నేర్చుకోవడానికి మస్కట్‌లో ఒక ఈతకొలను గట్టు మీద కూర్చున్నాను. వీపున సిలిండరు, నోట్లో దాని గాలి అందించే రెగ్యులేటరు. మా ఇన్‌స్ట్రక్టరు శ్రీలంక ఆయన. మిగతావన్నీ మరిచిపోయినా ఫరవాలేదు గానీ ఇదొక్కటి గుర్తుంచుకో అని ఒక మాట చెప్పారు: నీళ్ళ కింద ఊపిరి ఎప్పుడూ బిగబట్టకూడదు. పీలుస్తూ ఉండాలి, వదులుతూ ఉండాలి. నాయనమ్మ నేర్పినదానికి సరిగ్గా ఎదురు. తల లోపల పెట్టగానే నా ఊపిరి దానంతటదే ఆగిపోయింది. బుడగలు రాకపోవడం చూసి ఆయన నా ముందుకొచ్చి, తన నోటి దగ్గర చెయ్యి ముందుకీ వెనక్కీ ఆడించి చూపించారు. ఊపిరి వదిలాను. గలగలమంటూ బుడగలు పైకి పోయాయి. మళ్ళీ పీల్చాను. గాలి వచ్చింది! నీళ్ళలో ఉన్నాను, గాలి వస్తోంది. ఆ రెండో ఊపిరి నాకు ఇప్పటికీ గుర్తు.

మాది గార మండలం. మా మేడ మీంచి కళింగపట్నం లైట్‌హౌస్ దీపం కనిపిస్తుంది. రాత్రి అంతా సద్దుమణిగాక సముద్రం హోరు మంచం దాకా వచ్చేది. మస్కట్ వచ్చిన కొత్తలో అది వినబడక నిద్ర పట్టేది కాదు. అయినా ఆ సముద్రంలో మోకాలు దాటి ఎన్నడూ దిగలేదు. మా అమ్మ దిగనిచ్చేది కాదు. ఆవిడ తప్పేమీ లేదు. మా తీరంలో కెరటం ఒడ్డు మీద విరిగి వెనక్కి లాగేటప్పుడు పాదాల కింద ఇసక ఎలా జారిపోతుందో నిలబడి చూసినవాళ్ళకి తెలుస్తుంది. నేను తొమ్మిదో తరగతిలో ఉండగా కార్తీకమాసం వనభోజనాలకి వచ్చిన ఒక కుర్రాడు కెరటంలో పోయాడు. ఆ సాయంత్రం ఒడ్డున వాళ్ళమ్మ ఏడుపు విన్నాను.

సముద్రం లోపలి ప్రాణుల్లో నేను దగ్గరగా చూసినవి చచ్చిన తాబేళ్ళు. చలికాలంలో ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు గుడ్లు పెట్టడానికి మా తీరానికొస్తాయి. తాబేలుకి మొప్పలుండవు, మనలాగే గాలి పీల్చుకోవాలి. పెద్ద వలల్లో చిక్కుకుని పైకి రాలేకపోతే ఊపిరాడక చచ్చిపోతుంది. అలాంటివి కొట్టుకొచ్చి ఇసక మీద పడి ఉండేవి. గుళ్ళో కూర్మనాథుడికి దండం పెట్టుకుని, అక్కడ తిరిగే చిన్న చిన్న నక్షత్ర తాబేళ్ళకి ఆకులు పెట్టి వచ్చిన మేమే, ఒడ్డున పడున్న తాబేలుని చూసి ముక్కుకి చున్నీ అడ్డం పెట్టుకుని నడిచిపోయేవాళ్ళం. ఇప్పుడు తలచుకుంటే బాధగా ఉంటుంది.

వేటకెళ్ళే ఒక తాత మా ఇంటికి చేపలు తెచ్చేవాడు. ఒకసారి నేను, "తాతా, సముద్రమంటే నీకు భయం లేదా?" అని అడిగితే, గంప దించుకుంటూ, "కెరటం కాడే బయం అమ్మా. కెరటం దాటినాక సముద్రం మెత్తన," అన్నాడు. నాకప్పుడు అర్థం కాలేదు. మాట మాత్రం ఉండిపోయింది.

2017లో మస్కట్‌లో ఒక ఆస్పత్రికి ల్యాబ్ టెక్నీషియన్‌గా వచ్చాను. రెండేళ్ళ పాటు గది, ల్యాబు, శుక్రవారం రువీ బజారులో కూరగాయలు, ఇంటికి వీడియో కాల్. ఇంతే. 2019లో మా ల్యాబ్ వాళ్ళంతా దైమానియత్ దీవులకి పడవలో వెళ్తుంటే నన్నూ లాక్కెళ్ళారు. తీరానికి దూరంగా తొమ్మిది చిన్న దీవులవి. ఒమాన్ ప్రభుత్వం 1996లో వాటిని రక్షిత ప్రాంతంగా ప్రకటించింది. అందరూ నీళ్ళలోకి దూకారు. నేను లైఫ్ జాకెట్ వేసుకుని పడవలో కూర్చున్నాను. చివరికి ఒక మలయాళీ నర్సు అక్క నా మొహానికి మాస్క్ తగిలించి, "నిచ్చెన వదలకు, మొహం ఒక్కటి ముంచు చాలు," అంది.

నిచ్చెన కడ్డీని రెండు చేతులా పట్టుకుని మొహం ముంచాను.

ఆ మూడు నాలుగు క్షణాల్లో చూసింది ఎలా చెప్పాలో ఇప్పటికీ తెలీదు. పైన అలలు పడవని ఊపుతున్నాయి, చప్పుడు చేస్తున్నాయి. కింద అలికిడే లేదు. ఎండ చారలు చారలుగా అడుగుదాకా దిగుతోంది. పసుపు చారల చేపల గుంపు ఒకటి తొందరేమీ లేకుండా పక్కకి తిరిగింది. పుట్టిందగ్గర్నుంచీ సముద్రం పక్కనే పడుకున్నదాన్ని, దాని పైకప్పు మాత్రమే చూశానన్నమాట. తాత చెప్పిన "మెత్తన" అప్పుడు గుర్తొచ్చింది.

లోపలికి దిగాలంటే ముందు ఈత రావాలి. మా భవనం కొలనులో ఆడవాళ్ళకి కేటాయించిన గంటల్లో నేర్చుకున్నాను. బట్టల గురించి మన ఆడపిల్లలు చాలామంది అడుగుతారు కాబట్టి చెప్తున్నాను: మోచేతులు, మోకాళ్ళు దాటి ఒళ్ళంతా కప్పే ఈతదుస్తులు ఒమానీ ఆడవాళ్ళు వేసుకుంటారు, నేనూ అవే కొనుక్కున్నాను. డైవింగ్‌లో అయితే అందరూ వెట్‌సూటే. నీరు ఒంట్లో వేడిని గాలికంటే ఎన్నో రెట్లు త్వరగా లాగేస్తుంది, ఆ రబ్బరు సూటు అందుకే. మధ్యలో కోవిడ్ వచ్చి కొలను మూసేశారు. తెరిచాక మళ్ళీ మొదటినుంచీ.

తర్వాత తుఫాను. 2021 సెప్టెంబరు 26న గులాబ్ మా కళింగపట్నం దగ్గరే తీరం దాటింది. ఆ రాత్రంతా ఫోన్లు కలవలేదు. మర్నాడు అమ్మ గొంతు విన్నాక గానీ నేను అన్నం ముట్టలేదు. పెరట్లో రెండు కొబ్బరిచెట్లు పోయాయి, మనుషులు బాగున్నారు. హమ్మయ్య అనుకున్నాను. ఆ తుఫానే దేశమంతా అడ్డంగా దాటి, అరేబియా సముద్రంలో మళ్ళీ బలం పుంజుకుని, షాహీన్ అని పేరు మార్చుకుని అక్టోబరు 3న ఒమాన్ మీదకి వచ్చింది. మస్కట్ రోడ్లన్నీ వాగులయ్యాయి. మా ఇంటి మీదుగా వెళ్ళిన గాలే వారం తిరక్కుండా నా గది కిటికీ కొట్టింది. ఆ రాత్రి చీకట్లో కూర్చుని అనుకున్నాను, ఇది ఎక్కడికెళ్ళినా నన్ను వదలదు, భయపడుతూ దీనికి ఎంత దూరమని జరగను అని. కరెంటు వచ్చిన మర్నాడే డైవింగ్ సెంటరుకి ఫోన్ చేశాను.

డైవింగ్ నేర్పే ప్యాడీ అనే సంస్థ వాళ్ళ ఓపెన్ వాటర్ కోర్సు, మొదటి మెట్టు. పద్దెనిమిది మీటర్ల లోతు వరకు డైవ్ చేయడానికి అర్హత ఇస్తారు. మొదట ఆరోగ్య ప్రశ్నపత్రం. ఆస్తమా, గుండె, చెవి జబ్బులు, వాడే మందులు అన్నీ అడుగుతారు. కొన్నిటికి అవునంటే డాక్టరు సంతకం కావాలి. నాకు చిన్నప్పుడు చెవిలో చీము కారేది. దాచకుండా రాసి, చెవి డాక్టరుకి చూపించుకుని సంతకం తెచ్చుకున్నాను. ఇక్కడ అబద్ధం రాయకండి. ఎవర్నో మోసం చెయ్యడం కాదు, లోపలికి వెళ్ళేది మీ చెవులే. తర్వాత రెండు వందల మీటర్లు ఆగకుండా ఈదాలి, పది నిమిషాలు నీళ్ళ మీద తేలాలి. వేగంతో పని లేదు. చివర్లో యాభై ప్రశ్నల పరీక్ష, నూటికి డెబ్భై అయిదు వస్తే చాలు.

సిద్ధాంతం భాగం నాకు ఎంతో నచ్చింది. ఊళ్ళో అందరూ దాన్ని ఆక్సిజన్ సిలిండర్ అంటారు గానీ అందులో ఉండేది మామూలు గాలే, శుభ్రం చేసి రెండు వందల బార్ ఒత్తిడికి, అంటే మన చుట్టూ ఉన్న గాలి ఒత్తిడికి దాదాపు రెండు వందల రెట్లకి, కూరినది. నీళ్ళలో ప్రతి పది మీటర్లకి ఒక వాతావరణమంత ఒత్తిడి పెరుగుతుంది. పైన గాలి ఊదిన బుడగని పది మీటర్ల కిందకి తీసుకెళ్తే సగానికి కుంచించుకుపోతుంది. అక్కడ నిండుగా ఊదిన బుడగ పైకొచ్చేసరికి రెండింతలవుతుంది. మన ఊపిరితిత్తులూ అంతే. కింద నిండుగా గాలి పీల్చి, బిగబట్టుకుని పైకి లేస్తే అవి చిరిగిపోతాయి. ఊపిరి ఆపొద్దని అన్నిసార్లు ఎందుకు చెప్పారో ఆ లెక్క వేసిన రోజు తెలిసింది. నాయనమ్మ మునకలో ప్రమాదం లేదు, ఆవిడ పీల్చుకోమన్నది పైనున్న గాలి.

కష్టమైనది మాస్క్.

నీళ్ళ కింద మోకాళ్ళ మీద కూర్చుని మాస్క్ మొత్తం తీసేయాలి, మళ్ళీ పెట్టుకోవాలి, పై అంచు నుదుటికి నొక్కి ముక్కుతో గాలి వదిలి లోపలి నీళ్ళని బయటికి తోయాలి. చదివితే మూడు పనులు. చేస్తుంటే ముక్కు చుట్టూ నీళ్ళు తగలగానే నా ఒళ్ళు నా మాట వినడం మానేసింది. నోటితో గాలి వస్తూనే ఉంది, అయినా ముక్కు "చచ్చిపోతున్నాం" అని చెప్తోంది. మొదటి రోజు నాలుగుసార్లు పైకి లేచిపోయాను. కొలను అయిదడుగుల లోతే, లేచి నిలబడితే సరిపోయేది. సముద్రంలో అలా లేవడానికి ఉండదని ఆయన మెల్లిగా చెప్పారు. కోప్పడలేదు. అది నాకు పెద్ద మేలు. మర్నాడు ఒక ఉపాయం చెప్పారు. ఇంట్లో వాష్‌బేసిన్ నిండా నీళ్ళు పట్టి, నోట్లో స్నార్కెల్ గొట్టం పెట్టుకుని, మాస్క్ లేకుండా మొహం ముంచి ఊపిరి తియ్యమన్నారు. ముందు పది ఊపిర్లు, తర్వాత ఇరవై. అయిదు రోజులు షిఫ్టు దిగి వచ్చాక అదే పని. ఆరో రోజు లెక్క వంద దాటింది. ముక్కుని అదిమి పెట్టలేదు, దాని ఊసు మరిచిపోయానంతే. కళ్ళు కూడా తెరిచాను.

సముద్రంలో మొదటి డైవ్ బందర్ ఖైరాన్‌లో, కొండల మధ్య ఒదిగిన నీళ్ళు. మూడు మీటర్లు దిగేసరికి ఎడమ చెవిలో సూది గుచ్చినట్టు నొప్పి. ముక్కు పట్టుకుని, నోరు మూసి, మెల్లిగా ఊదితే చెవి లోపలి ఒత్తిడి సమానమవుతుంది. ఈక్వలైజ్ చెయ్యడం అంటారు. నొప్పి వచ్చాక గట్టిగా ఊదడం తప్పు. ఒక మీటరు పైకి లేచి, మళ్ళీ ఊది, మళ్ళీ దిగాలి. అరచెయ్యి అటూ ఇటూ ఊపి చెవి చూపించాను, సమస్య ఉందని దాని సైగ. ఆయన ఆగారు. నేను ఎక్కి, దిగి, ఎక్కి, దిగి, ఆరు మీటర్లు చేరడానికి ఎనిమిది నిమిషాలు పట్టింది. ముక్కు మూసుకోవడం ఇక్కడ పనికొచ్చింది.

ఇంకో సైగ గురించి కొత్తవాళ్ళకి చెప్పాలి. బొటనవేలు పైకి చూపిస్తే నీళ్ళ కింద "బాగుంది" అని కాదు, "పైకి వెళ్దాం" అని. నేను రెండో డైవ్‌లో సంతోషం పట్టలేక బొటనవేలు చూపించాను, ఆయన వెంటనే డైవ్ ముగించి పైకి తీసుకొచ్చేశారు. బాగున్నానని చెప్పడానికి బొటనవేలూ చూపుడువేలూ సున్నాలా కలపాలి.

నాలుగో డైవ్ దైమానియత్‌లో. నేను మొహం మాత్రం ముంచిన చోటికే రెండున్నరేళ్ళ తర్వాత పదహారు మీటర్ల కిందకి వెళ్ళాను. అంత లోతులో ఎరుపు మాసిపోతుంది. వెలుతురులో ముందుగా నీళ్ళు మింగేసేది ఎరుపునే. నా చేతికున్న సింహాచలం ఎర్రదారం బూడిదరంగులో కనిపించింది. ఇన్‌స్ట్రక్టర్ టార్చి వేయగానే మళ్ళీ ఎర్రబడింది. చప్పుడు ఎటునుంచి వస్తుందో తెలీదు, నీళ్ళలో శబ్దం గాలిలోకంటే నాలుగు రెట్లు వేగం, రెండు చెవులకీ ఒకేసారి వచ్చినట్టుంటుంది. నాకు వినబడే పెద్ద చప్పుడు నా ఊపిరే.

పగడాల గట్టు మలుపులో తాబేలు ఉంది. బతికిన తాబేలు. గ్రీన్ టర్టిల్ అని తర్వాత చెప్పారు. గట్టుకి ఆనుకుని పడుకుని, ముందు రెక్కతో నెమ్మదిగా ఇసక దులుపుకుంటోంది. నేను కదలకుండా ఆగాను. గాలి పీలిస్తే కొంచెం పైకి తేలడం, వదిలితే కొంచెం దిగడం, అంతే కదలిక. అది తల తిప్పి నన్ను చూసింది. దాని కంటి చుట్టూ ముడతలు మా నాయనమ్మ కళ్ళకిందవి లాంటివే. తర్వాత లేచి, రెండు రెక్కలూ చాపి, నా మీదుగా పైకి వెళ్ళింది. ఊపిరి కోసం వెళ్తోంది. కింద నుంచి చూస్తున్నాను, దాని పొట్ట తెల్లగా, చుట్టూ ఎండ. పైన నీటిపొర చీల్చి తల బయట పెట్టింది. ఒక్క ఊపిరి. మళ్ళీ దిగింది.

మాస్క్ లోపల ఏడుపొచ్చింది. ఒడ్డున పడున్నవన్నీ ఆ ఒక్క ఊపిరి దగ్గరికి చేరలేకపోయినవే.

పైకి వచ్చేటప్పుడు అయిదు మీటర్ల దగ్గర మూడు నిమిషాలు ఆగుతాం. ఒత్తిడిలో రక్తంలో కరిగిన నైట్రోజన్ మెల్లిగా బయటికి పోవడానికి. అదే కారణానికి, వరసగా ఒకటికి మించి డైవ్‌లు చేసినవాళ్ళు పద్దెనిమిది గంటలు గడిచేదాకా విమానం ఎక్కకూడదు. సెలవుకి ఇంటికెళ్ళే ముందురోజు డైవ్ పెట్టుకునే మనవాళ్ళు ఇది గుర్తుంచుకోవాలి.

ఆ తర్వాత అడ్వాన్స్‌డ్ కోర్సు చేశాను. ఒమాన్ నౌకాదళం 2003లో కావాలనే ముంచిన అల్ మునాసిర్ ఓడ చుట్టూ తిరిగాను. ఒక సెలవులో అండమాన్ వెళ్ళొచ్చాను. అన్నీ బాగున్నాయి. కానీ నా మనసు మన నీళ్ళ మీదే ఉంది. ఋషికొండలో రెండుసార్లు దిగాను. ఒమాన్ అంత తేటగా ఉండవు. మన నదులు మోసుకొచ్చే మట్టి అంతా కలిసేది ఈ బంగాళాఖాతంలోనే కదా. నా కాళ్ళకి తొడుక్కున్న ఫిన్స్ చివర నాకే మసకగా కనిపించింది. అయినా రాళ్ళ సందుల్లో చేపలు అవే, మా వంటింట్లోకి వచ్చేవే. ఈదుతుండగా చూడడం కొత్త.

మా అమ్మకి కోర్సు అయ్యాకే చెప్పాను. ముందు చెప్తే ఫోన్లోనే ఏడ్చేది. వీడియో చూపిస్తే చాలాసేపు మాట్లాడలేదు. "ఏటే గుంటా, సముద్రం అడుక్కి ఎల్లిపోనావా? నీకు ఊపిరెలాగొచ్చింది?" అని అడిగింది. సిలిండరు గురించి చెప్పాను, తోడుగా ఎప్పుడూ ఒక బడ్డీ ఉంటారని చెప్పాను. అదంతా వినలేదు. తాబేలు దగ్గరికి మళ్ళీ వెనక్కి తిప్పించింది. ఫోన్‌ని కళ్ళకద్దుకుంది. మర్నాడు మా అన్నయ్య కూతుర్ని, ఎనిమిదేళ్ళది, పిలిచి, "మీ అత్త దగ్గర ఈత నేర్సుకో" అని తనే పంపింది. నన్ను మోకాలు దాటనివ్వని మనిషి! ఆ సెలవంతా శ్రీకాకుళంలో ఈతకొలను దగ్గరే గడిచింది. తీరం పక్కన పుట్టిన ప్రతి పిల్లకీ బడిలోనే ఈత నేర్పాలని నాకు చాలా బలంగా ఉంది. నా తొమ్మిదో తరగతి సాయంత్రం ఇంకా చెవుల్లో ఉంది.

తాత ఇప్పుడు వేటకి వెళ్ళడం మానేశాడు. పాక ముందు కూర్చుని కొడుకుల వలలు బాగుచేస్తుంటాడు. కిందటి సంక్రాంతికి వెళ్ళి పక్కన కూర్చున్నాను. ఒమాన్ చేపల వీడియోలు చూపించాను. టేకు చేప రాగానే గుర్తుపట్టి నవ్వాడు. "ఇదంతా ఆళ్ళ సముద్రం. మన సముద్రం అడుగున ఏటున్నాదో సూసినావా?" అన్నాడు. చూడలేదన్నాను. బారువ దగ్గర నీళ్ళలో పాత స్టీమరు శిథిలం ఉందని, వచ్చే ఏడాది అక్కడ దిగాలని ఉందని చెప్పాను.

"బారువ దాకా ఎందుకు? మన ఎదరే రాయి ఉన్నాది. నా సిన్నప్పుటి నుండీ వలలు అక్కడే సిరుగుతాయి. సేపలూ అక్కడే ఉంటాయి."

ఎలా కనుక్కోవాలని అడిగాను. వల పక్కన పెట్టి లేచి నిలబడ్డాడు. ఒక చెయ్యి లైట్‌హౌస్ వైపు, ఇంకో చెయ్యి వంశధార మొగ వైపు, నది సముద్రంలో కలిసే చోటు వైపు చాపాడు. లైట్‌హౌస్ వెనకాల జంట తాటిచెట్లు ఒకదాని వెనక ఒకటి దాక్కుని ఒక్కటిగా కనిపించేదాకా పడవ పోనియ్యాలి. అప్పుడు ఉత్తరంగా చూస్తే, మొగ అవతల సరుగుడు తోట చివర కొండ అంచుకి తగలాలి. రెండూ కలిసిన చోట లంగరు వదిలితే ఇసక తగలదు, రాయి తగులుతుంది. పది పన్నెండు బారల లోతు.

డైవ్‌ల వివరాలు రాసుకునే లాగ్‌బుక్ తెరిచి చివరి పేజీలో తాత చెప్పినట్టే రాసుకున్నాను. జంట తాళ్ళలో ఒకటి గులాబ్‌కి పడిపోయిందట. మోడు ఇంకా ఉంది, అది చాలన్నాడు.